కుడి కంటికి ఎంచిన సైట్లు

ఒకటిన్నర ఏడాదిలో ఆ అమ్మాయి పిస్టల్‌కి ఐదుసార్లు ఫ్రంట్ సైట్ మార్చాను. కంటి డాక్టరు దగ్గరికి మాత్రం ఒక్కసారే తీసుకెళ్ళాను. అదీ అంతా అయిపోయాక.

నేను పీఈటీని. దమ్మపేట దాటాక పామాయిల్ తోటల మధ్య ఉన్న ఒక ఆడపిల్లల గురుకులంలో పనిచేస్తున్నాను. పిల్లలకి కబడ్డీ, ఖోఖో నేర్పించడం, పొద్దున్నే లేపి గ్రౌండు చుట్టూ పరిగెత్తించడం నా ఉద్యోగం. పిస్టల్ నా ఉద్యోగం కాదు, నా పిచ్చి. ముదిగొండ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టిన నాకు ఆ పిచ్చి కాలేజీలో ఎన్‌సీసీ వల్ల పట్టుకుంది. యూనివర్సిటీ రోజుల్లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ కొట్టేదాన్ని. జాతీయ పోటీలకు వెళ్ళే జట్టులో ఒక్క మెట్టు కింద నా పేరు ఆగిపోయింది.

ఆ రోజు నా చేయి వణికింది. నాకు తెలుసు. కానీ ఇంటికొచ్చి, ఫ్రంట్ సైట్ మరీ సన్నగా ఉండబట్టే పోయిందని చెప్పుకున్నాను. పదిమందికి చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను. ఆ నమ్మకం నా ఒక్కదానికే చేటు చేసి ఊరుకుంటే బాగుండేది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పిస్టల్ గొట్టం చివర చిన్న నల్లటి ఉక్కు ముక్క నిలబడి ఉంటుంది. అదే ఫ్రంట్ సైట్. వెనకవైపు, కంటికి దగ్గరగా ఉండే సైటుకి నలుచదరంగా ఒక గాడి ఉంటుంది. గురి చూసేటప్పుడు ఆ ముక్క గాడి మధ్యలోకి రావాలి. రెండు పక్కలా సన్నటి వెలుగు గీతలు సమానంగా కనపడాలి. దూరంగా ఉన్న కార్డు మసగ్గా ఉన్నా ఫర్వాలేదు, ఈ ముక్క అంచులు మాత్రం కత్తిరించినట్టు కనపడాలి. ముక్క సన్నగా ఉంటే పక్కన వెలుగు ఎక్కువ, చిన్న తప్పు కూడా తెలుస్తుంది. వెడల్పుగా ఉంటే కంటికి సుఖం, చేయి కాస్త కదిలినా మనసు చెదరదు. ఎవరికి ఏది నప్పుతుందో వాళ్ళ కంటిని బట్టి, చేతిని బట్టి ఉంటుంది. కంటిని బట్టి అనే మాట నేను పిల్లలకి వందసార్లు చెప్పి ఉంటాను.

గురుకులంలో చేరిన కొన్నేళ్ళకి, బీరువాలో పడి ఉన్న నా పాత పిస్టల్‌ని బయటికి తీశాను. స్కూల్లో వాడకుండా వదిలేసిన పొడవాటి స్టోర్‌రూము ఒకటుంది, పైన రేకులు, పడమటి వైపు ఒక కిటికీ. అప్పటి ప్రిన్సిపాల్‌ని బతిమాలి దాన్ని అడిగాను. అటు గోడకి మందపాటి చెక్కలు కొట్టించి కార్డులు తగిలించాను. అదే మా రేంజి.

ఎవరికి నేర్పించాలో తేల్చుకోవడానికి తొమ్మిదో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టి, తలా ఒక నీళ్ళ సీసా ఇచ్చి, కుడి చేయి చాపి పట్టుకోమన్నాను. కాసేపటికి ఒక్కొక్కరూ నవ్వుతూ, మూలుగుతూ దించేశారు. చివరికి ఒక పిల్ల మిగిలింది. చండ్రుగొండ దగ్గర అడవి అంచున ఉన్న తండా నుంచి వచ్చిన పిల్ల. సన్నటి చేయి. మొహంలో పట్టుదల లాంటిదేమీ లేదు. ఎండలో నిలబడి బస్సు కోసం చూస్తున్న మనిషిలా ఉంది.

"నొప్పి లేదా?" అని అడిగాను.

"ఉంది మేడం."

"మరి దించవేం?"

"ఎప్పుడు దించాల్నో మీరు చెప్పలే గద."

ఆ క్షణమే ఆమె నాదైపోయింది. ఇలా రాస్తుంటేనే ఈ మాటలోని తప్పు తెలుస్తోంది. పిల్ల నాది కాదు. వాళ్ళమ్మానాన్నలది. వాళ్ళు రెండెకరాల్లో పత్తి, కాస్త మిరప వేసుకుంటూ, మిగతా రోజులు కూలికి పోయి, ఈ పిల్లని చదువుకోమని మాకు అప్పజెప్పారు.

పిస్టల్‌తో పాటు డబ్బాలో మూడు ఫ్రంట్ సైట్లు ఉండేవి. నాలుగు మిల్లీమీటర్లది, నాలుగున్నరది, ఐదుది. ఒక్కోటీ బిగించి పది గుండ్లు కొట్టించాను. నాలుగున్నర తీసుకుంటుందనుకున్నాను, కొత్తవాళ్ళకి అదే నప్పుతుంది. ఆమె మూడూ చూసి సన్నదాన్ని చూపించింది.

"ఇది కష్టం. తప్పు చేస్తే వెంటనే కనపడిపోతుంది," అన్నాను.

"కనబడ్తేనే మంచిది గద మేడం. సరి చేసుకోవచ్చు."

సరిగ్గా అదే చేసింది. ఏడాది తిరక్కుండా జిల్లాలో మొదటి స్థానం, రాష్ట్ర జూనియర్స్‌లో కంచు పతకం. పతకం మెడలో వేసుకున్న ఆమె ఫొటో, పక్కన నా ఫొటో, పైన పెద్దవాళ్ళ ఫొటోలతో గేటు ముందు ఫ్లెక్సీ కట్టారు. మా ఆయన దాన్ని ఫోన్లో తీసి బంధువులందరికీ పంపాడు. ఇన్నేళ్ళకి నేను గెలిచానని నాకనిపించింది.

ఆ అమ్మాయికి ఒక అలవాటుండేది. కళ్ళు నలుపుకునేది. వేళ్ళ కణుపులతో, గట్టిగా, చాలాసేపు. సెలవుల్లో మిరపకాయలు ఏరడానికి చేలోకి వెళ్ళి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ. "ఆ మిరప చేతులతో కళ్ళు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి," అని కసిరేదాన్ని. కసరడంతో నా పని అయిపోయేది.

ఆమె మా దగ్గరే ఇంటర్ మొదటి ఏడాదిలో చేరిన వేసవి తర్వాత అసలు సంగతి మొదలైంది. ఒక సాయంత్రం గుండు వదలకుండా చేయి దించేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది.

"ఏమైంది?"

"సైటు పక్కన నీడ లెక్క కనబడ్తుంది మేడం."

నేను కిటికీ వైపు చూశాను. పడమటి ఎండ తిన్నగా లోపలికి పడుతోంది. ఉక్కు ముక్క మీద వెలుగు పడితే అంచు మెరుస్తుంది, ఆ మెరుపే నీడలా అనిపిస్తుంది. నాకు తెలిసిన విషయమే. కిటికీకి గోనెపట్టా కట్టించాను. కర్పూరం వెలిగించి సైటుకి మసి పట్టించాను. రెండు రోజులు బాగుందంది. మూడో రోజు మళ్ళీ నీడ. సన్నది తీసేసి నాలుగున్నర పెట్టాను. అది మొదటి మార్పు.

వర్షాకాలం అయ్యేసరికి ఐదు పెట్టాను. వెడల్పు ముక్కకి తగ్గట్టు వెనక గాడిని కూడా తెరిచాను. కొత్త సైటు పెట్టిన ప్రతిసారీ కొన్నాళ్ళు స్కోరు పెరిగేది. ఎందుకు పెరిగేదో నాకు ఇప్పటికీ కచ్చితంగా తెలియదు. బహుశా నేను సంతోషంగా ఉన్నానని ఆమె ఇంకా కష్టపడేదేమో. అది చూసి నా వైద్యం పనిచేస్తోందనుకున్నాను.

మరుసటి వేసవి దాకా చూసినా ఐదుతో కూడా నీడ పోలేదు. డబ్బాలో అంతకన్నా వెడల్పుది లేదు. బయటినుంచి తెప్పించాలంటే నెలలు పడుతుంది. అప్పుడు ఖమ్మంలో అందరూ చాచా అని పిలిచే ఒక ముసలి పనివాడి దగ్గరికి వెళ్ళాను.

ఖిల్లా కింద ఒక సందులో ఆయన దుకాణం. వాళ్ళ తాత దొరల తుపాకులు బాగు చేసేవాడట. ఆయన మాత్రం తాళాలు తీస్తాడు, కుట్టుమిషన్లు బాగు చేస్తాడు. కానీ ఆకురాయి పట్టుకుంటే ఆయన చేతికి సాటి లేదు. నేను తెచ్చిన సైటుని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఇంత చిన్నదానికి ఖమ్మం దాకా వచ్చినవా బేటీ," అన్నాడు. మెరుపు లేకుండా వెనక ముఖాన్ని కొంచెం వాలుగా కోసి, నల్లగా కాల్చి, ఐదు మిల్లీమీటర్లదే కొత్తది చేసి ఇచ్చాడు. రెండు నెలల తర్వాత ఐదున్నర అడిగాను. అదీ చేశాడు.

ఇంకొన్ని వారాలకి ఆరు అడిగాను. ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు.

"ఈ పిల్లకు మొదట ఏది పట్టింది?"

"నాలుగు."

"ఇప్పుడు ఆరు అంటున్నవ్. ఏడాదిల ఇనుము మారలే. చెయ్యి గూడ మారలే అంటున్నవ్. మరి మారింది ఏంది?"

నేను గోడకి వేలాడుతున్న తాళాల వైపు చూశాను.

"నాక్కూడ గిట్లనే అయింది బేటీ. తాళం రంధ్రం కనబడ్తలేదని బల్బులు మార్చిన. పెద్ద బల్బు, ఇంకా పెద్ద బల్బు. దవాఖానాకు పోతే మోతిబిందు అన్నరు. కంట్లనే పొర వచ్చింది, నేనేమో బల్బును తిట్టిన. ఒక్కసారి ఆ పిల్ల కండ్లు చూపియ్యి."

నవ్వాను. "పదహారేళ్ళ పిల్లకి మోతిబిందేంటి చాచా? క్లాసులో బోర్డు బాగానే చదువుతోంది. ఇది షూటింగులో ఉండే ఇబ్బందే, మీకు తెలియదు."

ఆయన ఆకురాయి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆరు మిల్లీమీటర్ల ముక్క కోసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు నా మొహం వైపు చూడలేదు.

క్లాసులో బోర్డు చదివిన మాట నిజమే. రెండు కళ్ళతో చదివేది. పిస్టల్ కొట్టేటప్పుడు ఎడమ కంటికి చిన్న అట్టముక్క అడ్డం పెట్టుకుని కుడి కంటితోనే చూడాలి. ఆ అట్టముక్క కత్తిరించి ఇచ్చింది నేనే. పాడైపోతున్న కన్ను ఏదో అందరికన్నా ముందు తెలియాల్సిన చోటు నా రేంజే. ఇది అర్థం కావడానికి డాక్టరు కావాలా? తాళాలు తీసే ముసలాయనకి అర్థమైంది.

ఇక చెప్పుకోవడానికి నోరు రాని విషయం. ఆ చలికాలంలో స్కూలుకి కంటి పరీక్షల వాళ్ళు వచ్చారు. వరండాలో చార్టు తగిలించి, ఒక్కో తరగతినీ పిలిచి, ఒక్కో కన్నూ మూయించి అక్షరాలు చదివిస్తున్నారు. రాష్ట్ర ట్రయల్స్‌కి పది రోజులే ఉంది. షూటింగు నేర్చుకునే నా పిల్లలు ఆరుగురూ ఉదయం నుంచి రేంజిలోనే ఉన్నారు. స్కూలు నర్సు కాగితాలు పట్టుకుని వచ్చింది.

"మేడం, మీ పిల్లల పేర్లు మిగిలిపోయినయి. జర పంపండి."

"ఇప్పుడు కుదరదు. తర్వాత చూద్దాం."

"వాళ్ళు మధ్యాహ్నం పోతరు మేడం. కాగితం ఖాళీగ పోవద్దన్నరు."

"అయితే నార్మల్ అని రాసెయ్. వీళ్ళ గురి నేను రోజూ చూస్తున్నాను, నాకు తెలియదా?"

ఆమె సందేహించింది. బాధ్యత ఎవరిదని అడిగింది. నేను కాగితం లాక్కుని ఆరు పేర్ల ఎదురుగా సంతకం పెట్టాను. ఆ అమ్మాయి అప్పుడు గుండు నింపుకుంటోంది. మా మాటలు వింది. తల ఎత్తి వరండా వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. వెళ్ళనా అని అడగలేదు. మొదటి రోజు సీసా పట్టుకుని నిలబడినట్టే నిలబడింది, నేను చెప్పేదాకా.

ట్రయల్స్ హైదరాబాదులో. అక్కడి రేంజిలో కార్డులు ఉండవు, ఎలక్ట్రానిక్ టార్గెట్లు. ఎక్కడ తగిలిందో పక్కనున్న చిన్న తెర మీద వెంటనే కనపడుతుంది. మొదటి పది గుండ్లలోనే ఆమె స్కోరు మా స్టోర్‌రూములో వచ్చేదానికన్నా బాగా కింద ఉంది. రెండో పదిలో ఒక గుండుకి తెర మీద సున్నా పడింది. అదే సమయంలో పక్క అమ్మాయి చేయెత్తి అధికారిని పిలిచింది. తను కొట్టని గుండు తన తెర మీద ఉంది. మా పిల్ల పక్కదాని టార్గెట్‌ని కొట్టింది.

వెనక కుర్చీల్లో ఎవరో నవ్వారు. సైగ చేసి లైన్ మీద నుంచి వెనక్కి పిలిపించాను.

"ఎటు చూస్తున్నావు? ఇన్నాళ్ళు నేర్పింది ఇదేనా?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. కుడి కన్ను ఎర్రగా ఉంది. మెల్లిగా అడిగింది.

"రెండిట్ల ఏది పట్టుకోవాలె మేడం?"

"ఏ రెండు?"

"ఫ్రంట్ సైట్లు. మునుపు ఒకటి అసలుది, ఒకటి నీడ లెక్క ఉండె. ఇప్పుడు రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి. టార్గెట్లు గూడ గట్లనే. నేను పైది పట్టుకుంటున్న. అది కాదా?"

నేను ఏమన్నానో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. "కిందది పట్టుకో," అన్నాను. భుజం తట్టి మళ్ళీ లైన్ మీదికి పంపాను.

ఆమె మిగిలిన గుండ్లన్నీ కొట్టింది. కిందదాన్నే పట్టుకుని కొట్టింది. జాబితాలో అందరికన్నా చివర వచ్చింది.

తిరుగు ప్రయాణంలో, బస్సు సూర్యాపేట దాటాక, ఆ రెండు సైట్ల మాట మళ్ళీ గుర్తొచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న ఆమె ఎడమ కంటిని నా అరచేత్తో మూసి, ముందు సీటు వెనక పెద్ద అంకెలతో రాసి ఉన్న సీటు నంబరు చదవమన్నాను. మూరెడు దూరం. చూసింది. తల పక్కకి వంచి చూసింది. కన్ను చికిలించి చూసింది.

"నంబరేనా మేడం అది?" అంది.

మర్నాడు ఖమ్మంలో ఒక కంటి డాక్టరు లైటు వేసి చూసి, ఒక్క నిమిషంలో తల ఎత్తి హైదరాబాదులో పెద్ద ఆసుపత్రికి రాసిచ్చాడు. వాళ్ళమ్మకి కబురు చేశాను. ఆమె ఉన్న చీరతోనే బయలుదేరి వచ్చింది. తండాలో వాళ్ళ భాష వేరు, తల్లీకూతుళ్ళు దారి పొడుగునా అందులోనే మాట్లాడుకున్నారు. నాకు అర్థం కాలేదు. అర్థం కానందుకు సంతోషించాను.

పెద్ద ఆసుపత్రి డాక్టరమ్మ చిన్నదే, ముప్ఫై దాటి ఉండదు. కంటిపాప ముందు అద్దంలా ఉండే పొర పలచబడి ముందుకు మొనలా పొడుచుకొస్తుందనీ, దానివల్ల ఒక వస్తువు రెండుగా, నీడలుగా కనపడుతుందనీ చెప్పింది. ఈ వయసులోనే మొదలవుతుందట. కళ్ళు బాగా నలుపుకునేవాళ్ళలో త్వరగా ముదురుతుందట.

"నలుపుతుందా?" అని అడిగింది.

"నలుపుతుంది," అన్నాను నేను.

"నీడలు కనబడుతున్నాయని ఎప్పటినుంచి చెబుతోంది?"

"ఏడాది దాటింది," అని అమ్మాయే చెప్పింది.

"ఎవరికి చెప్పావ్?"

ఆమె నా పేరు చెప్పలేదు. నేలవైపు చూసింది. డాక్టరమ్మ నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగింది. మొదట్లోనే వచ్చి ఉంటే మందు వేసి, కిరణాలు పెట్టి, ఆ పొరని గట్టిపరిచి అక్కడికక్కడే ఆపేసేవాళ్ళమంది. ఎడమ కన్ను ఇంకా తొలి దశలోనే ఉంది కాబట్టి దానికి ఆ వైద్యం చేస్తారు. కుడి కంటి పొర మరీ పలచనైంది, మచ్చ కూడా పడింది. గట్టి లెన్సు పెట్టి చూడాలి. దానితో కుదరకపోతే ఎవరైనా దానం చేసిన పొర వేయాలి.

బయట వరండాలో వాళ్ళమ్మ నన్ను అడిగింది. "తుపాకి పట్టినందుకే గిట్లయిందా మేడం?"

"కాదమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు."

"మరి ఏడాది నుంచి చెప్తున్న అంటుంది. ఎవలకు చెప్పింది?"

డాక్టరు పిలుస్తోందని అబద్ధం చెప్పి లోపలికి వెళ్ళిపోయాను.

అబద్ధం అక్కడితో ఆగలేదు. ఎడమ కంటికి వైద్యం అయింది, అమ్మాయి నెల రోజులు తండాలోనే ఉండిపోయింది. షూటింగు మానేసింది కాబట్టి క్రీడల ఫైలులో కారణం రాసి పంపమని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ మేడం నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఆమె టేబుల్ మీద ఆ చలికాలం నాటి కంటి పరీక్షల కాగితం ఉంది.

"ఇందులో నార్మల్ అని ఉంది. సంతకం మీది. ఇప్పుడు కంటి జబ్బు వల్ల మానేసిందని మీరు రాస్తే, నార్మల్ అని ఎవరు రాశారని అడుగుతారు. తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు."

"మరి ఏం రాయమంటారు?"

"ఆసక్తి లేక మానుకుంది అని రాయండి. పిల్లలకి ఆసక్తి పోవడం మామూలే. ఎవరూ అడగరు."

ఆమె నన్ను బెదిరించలేదు. గొంతు మెత్తగానే ఉంది. కాసేపు ఆలోచించుకోమని కూడా అంది. ఆలోచించాను. నా ఉద్యోగం గుర్తొచ్చింది, మా ఆయన ఫోన్లో ఫ్లెక్సీ ఫొటో గుర్తొచ్చింది. పెన్ను తీసి రాశాను. ఆ వాక్యంలో అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. చేయి వణకలేదు.

అమ్మాయి తిరిగొచ్చి ఇంటర్ పూర్తి చేసింది. రేంజి వైపు రాలేదు. ఒకసారి ఎడమ కంటితో ప్రయత్నిద్దామా అని అడిగాను. "వద్దు మేడం," అంది, అంతే. ఎదురుపడితే నమస్తే పెట్టేది. గట్టి లెన్సు పెట్టుకుంటే కంట్లో ఇసుక పోసినట్టుంటుందని తన పక్క మంచం పిల్లతో చెప్పిందని విన్నాను. రోజుకి నాలుగైదు గంటలకన్నా పెట్టుకోలేకపోయేదట.

తర్వాత ఆమె సత్తుపల్లిలో డిగ్రీలో చేరింది. ఒకరోజు చండ్రుగొండలో పనుండి వెళ్ళి స్కూటీ ఆపుకుంటుంటే బస్టాపులో కనపడింది. బాగా పొడుగైంది. చేతిలో కాగితాల కవరు. నేనే దగ్గరికి వెళ్ళి పలకరించాను. కన్ను ఎలా ఉందన్నాను. పొర కోసం పేరు రాయించామని, పిలుపు రాలేదని చెప్పింది. ఏదో ఉద్యోగానికి క్రీడల కోటాలో పెట్టుకుందామని స్కూలుకి వెళ్ళి పతకం తాలూకు కాగితాలు అడిగిందట. గుమాస్తా ఫైలంతా జిరాక్స్ తీసి ఇచ్చాడట.

"దాంట్ల ఒక లెటర్ ఉంది మేడం. అది మీరే రాసిన్రా?"

ఏ లెటరని అడగాల్సిన పని లేదు. "అవ్," అన్నాను. ఇన్నేళ్ళ పంతులమ్మ భాష పోయి, మా ఊరి మాట వచ్చింది నోట్లోంచి.

ఆమె కాగితాల కవరు చంక కింద పెట్టుకుంది.

"నాకు ఆసక్తి లేదని ఎట్ల రాసిన్రు మేడం? కండ్లు కనబడ్తలేవని రాసినా బాధ లేకపోవు. సరిగ కొడ్తలేదు అని రాసినా ఊకుందును. రెండు సైట్లు కనబడ్తుంటే గూడ కొట్టిన గద నేను."

గొంతు పెంచలేదు. తిట్టలేదు. తిడితే నాకు తేలికయ్యేది. బస్సు వచ్చింది, ఎక్కింది. మెట్టు ఎక్కేటప్పుడు ఎడమ చేత్తో కడ్డీ కోసం ఒక్క క్షణం తడుముకుంది.

ఆ వారంలోనే ఇంకో ఉత్తరం రాశాను. ఆ అమ్మాయి ఆసక్తి లేక మానలేదని, కుడి కంటి జబ్బు వల్ల మానాల్సి వచ్చిందని, ఏడాదిపాటు చెప్పినా నేను పట్టించుకోలేదని, కంటి పరీక్షకి పంపకుండా నార్మల్ అని సంతకం పెట్టింది నేనేనని రాశాను. ప్రిన్సిపాల్ మేడం చదివి, "ఇప్పుడెందుకండీ ఇదంతా, మీకూ మంచిది కాదు, ఆ అమ్మాయికీ ఒరిగేదేం లేదు," అంది. అయినా ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. ఒక మెమో వచ్చింది. జవాబు రాశాను. ఒక ఇంక్రిమెంటు ఆగింది. అంతకుమించి ఏమీ జరగలేదు. ఇంతకే భయపడ్డానా అనిపించింది.

ముద్ర వేసిన కాగితం నకలు తీసుకుని తండాకి వెళ్ళాను. అమ్మాయి కాలేజీకి వెళ్ళింది. వాళ్ళమ్మ ఇంటి ముందు టార్పాలిన్ మీద మిరపకాయలు పరిచి, తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. కాగితం ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏముంది మేడం దీంట్ల?"

"చదువుతాను," అన్నాను. నిలబడే మొత్తం చదివాను. ఆఫీసు భాష ఆమెకి అర్థం కాదని, ఒక్కో వాక్యం ఆపి మామూలు మాటల్లో చెప్పాను. నేను ఎవరి ముందూ అంతసేపు నా తప్పు చెప్పుకోలేదు. ఆమె ఏరడం ఆపలేదు, కానీ వింటోంది.

అయిపోయాక తల ఎత్తింది.

"గిదంత మాకు ఆసుపత్రిలనే తెల్సింది మేడం. బిడ్డ మొత్తం చెప్పింది. మీ తప్పు మీకే తెల్వదేమో అనుకున్నం."

ఆమె లేచి చేతులు కడుక్కుంది. ఒకసారి కడిగి, సబ్బు పెట్టి మళ్ళీ కడిగింది. ఇంట్లోకి వెళ్ళి ఆసుపత్రి కాగితాలున్న ప్లాస్టిక్ కవరు తెచ్చి, నా ఉత్తరాన్ని వాటి వెనక పెట్టింది. కూర్చోమని అనలేదు. నేను స్కూటీ తిప్పుకుని రోడ్డెక్కాను.